నుదురు చెప్పని జ్వరం

మందుల దుకాణం కౌంటరు వెనక నుంచి,
మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ

ముక్తసరి మరదలికి,

ఇక్కడ మీ అన్నయ్యా నేనూ క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని రాయాలి గానీ, తలచి తలచి నా తల వాచిపోయింది. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నా వదినా, ఉంటా మరి" అంటావు. ఆ ఉన్నాకీ ఈ ఉంటాకీ మధ్య నేను ఊపిరి తీసుకునే సందు కూడా ఉండదు. నువ్వు ఆ అత్తారింట్లోంచి పెట్టె సర్దుకుని బయటికి వచ్చేసి నాలుగేళ్ళయింది. ఎందుకొచ్చావని నేనెప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగను. కానీ వచ్చేటప్పుడు మాటల మూట అక్కడే మర్చిపోయి వచ్చావేమోనని నా అనుమానం. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌ని పెట్టెయ్యగలవు, కాగితాన్ని ఎలా పెట్టేస్తావో చూస్తాను.

దీనితోపాటు వచ్చిన పొట్లం నీ పుట్టినరోజుకి. విప్పి భయపడకు, అది జ్వరం చూసే మిషను. నుదుటికి రెండు వేళ్ళ ఎడంలో పట్టుకుని మీట నొక్కితే కీచుమని అంకె చూపిస్తుంది. నోట్లో పెట్టుకోనక్కర్లేదు, చంకలో పెట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. మా దుకాణంలో ఇప్పుడు అందరూ అడిగేది ఇదే. పుట్టినరోజుకి జ్వరం మిషను పంపే వదిన ప్రపంచంలో నేనొక్కదాన్నేనని మీ అన్నయ్య ముక్కున వేలేసుకున్నారు. నేనన్నాను, "మీ చెల్లెలికి ఒళ్ళు వెచ్చబడితే నుదుటి మీద చెయ్యి వేసి చూసేవాళ్ళు లేరు. నా చెయ్యి అంత దూరం చాచలేను. అది నా చెయ్యి అనుకుంటుందిలెండి."

ఆయనే పొట్లం మీద నీ అడ్రసు రాశారు.

పెట్టెలో చదవాల్సిన కాగితాలేమీ లేవు, వాడటం అంత తేలిక. జవాబు మాత్రం ఒక పేజీ నిండాలి. నిండకపోతే ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి తిప్పి పంపేస్తాను.

నీ వదిన


కుట్టుపనివాడి కొట్టు వీధి, సెలవు రోజు పొద్దున,
మేడ మీది గది

వసపిట్ట వదినకు,

మిషను అందింది. బాగుంది. నేను బాగానే ఉన్నాను. అన్నయ్యని అడిగానని చెప్పు.

చూశావా, నాలుగు వాక్యాలకే సరుకు అయిపోయింది. కానీ నీ సున్నాకి భయపడి ఇంకా రాస్తున్నాను.

నా పని నీకెప్పుడూ చెప్పలేదు కదా. తెల్లవారకముందే మా పూల గోదాంకి లారీల్లో పూలొస్తాయి. వాటిని పెద్ద చలిగదిలో బల్లల మీద పరుస్తారు. మేము కాడల పొడుగు చూసి నాలుగు రకాలుగా విడదీసి, కింది ఆకులు దూసి, ఇరవయ్యేసి కట్ట కట్టి, రబ్బరుబ్యాండు వేసి నీళ్ళ బకెట్లలో నిలబెడతాం. గదిలో చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి. దళసరి కోటు, ఉన్ని టోపీ, చేతి తొడుగులు వేసుకుంటే ఎవరు ఎవరో తెలీదు. నా పక్క బల్ల ఆవిడని రబ్బరుబ్యాండక్క అంటారు. మణికట్టుకి ఎప్పుడూ యాభై రబ్బరుబ్యాండ్లు ఉంటాయి, గాజుల్లాగా.

నీ మిషను ఇక్కడ పెద్ద పేరు తెచ్చుకుంది. ఇంటికి తీసుకెళితే వాడటం మర్చిపోతానని కోటు జేబులోనే పెట్టుకున్నాను. కోటు చలిగదిలోనే మేకుకి వేలాడుతుంది. పని దిగేముందు అందరూ టోపీలు పైకి తోసి వరసగా నిలబడుతున్నారు, నేను కీచుకీచుమనిపిస్తున్నాను. రబ్బరుబ్యాండక్కకి తొంభై ఆరు. బకెట్లు మోసే పెద్దాయనకి తొంభై అయిదున్నర. నాకు తొంభై ఆరూ రెండు. మేమంతా ఇంత ఆరోగ్యవంతులమని ఇన్నాళ్ళూ మాకే తెలీదు.

పేజీ నిండింది. ఉంటా మరి.

నీ మరదలు


దుకాణం నుంచి,
వాన వెలిసిన పొద్దున

ముక్తసరి మరదలికి, కాస్త తక్కువ ముక్తసరి మరదలికి,

నిండు పేజీ! మీ అన్నయ్య ఉత్తరం తిరగేసి చూశారు, వెనక ఇంకెవరైనా రాశారేమోనని. రోజంతా జనాల లిఫ్టులు బాగుచేసి వచ్చి ఇంట్లో కూడా పైకీ కిందికీ తిరిగే మనిషి, నీ ఉత్తరం పుచ్చుకుని గంటసేపు కుర్చీలోంచి లేవలేదు.

తొంభై ఆరు మంచి అంకె. చలిలో పనిచేసేవాళ్ళకి ఒళ్ళు కాస్త చల్లగానే ఉంటుందిలే, దానికేం బెంగ పడకు. తొంభై తొమ్మిది దాటితే మాత్రం నాకు చెప్పు. నేను ఈ కౌంటరు వెనక తొమ్మిదేళ్ళుగా ఊరికే నిలబడటం లేదు, డాక్టరుకి అరడాక్టరుని.

పని సంగతి రాశావు. ఇల్లెలా ఉంటుందో రాయి. సాయంత్రాలు ఏం చేస్తుంటావు? నాకు నీ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో కూడా తెలీదు, ఎంత సిగ్గుచేటు.

వదిన


మేడ మీది గది,
సాయంత్రం

వదినా,

సాయంత్రాలు ఏం చేస్తుంటావని అడిగావు కాబట్టి సాయంత్రమే రాస్తున్నాను. పని దిగి వచ్చి దీపం వెయ్యకుండా కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎదుటి మేడ గోడ మీద ఎండ ఇంకా పోలేదు. దానికి పోవాలని లేదు. నన్ను చూస్తూ కాస్తకాస్తగా పలచబడుతోంది.

నీకొక సంగతి చెబుతాను, నవ్వకు. మా మెట్లు పొద్దున దిగేటప్పుడు పంతొమ్మిది ఉంటాయి. సాయంత్రం ఎక్కేటప్పుడు ఇరవై మూడు అవుతున్నాయి. మూడు రోజులు లెక్కపెట్టాను. ఆ నాలుగు మెట్లు ఎక్కడినుంచి వస్తాయో తెలీదు గానీ, వాటి మీద కాలు పెడితే మెత్తగా ఉంటుంది. అక్కడ కాసేపు కూర్చుంటాను. కింది వీధిలో అరుపులూ హారన్లూ అన్నీ దూదిలో చుట్టినట్టు వస్తాయి. ఎవరి మీదా కోపం రాదు. ఆ ఇంటివాళ్ళ మీద కూడా రాదు, వదినా.

గదిలోకి రాగానే పూలు వస్తాయి. పొద్దున నేను కట్టిన కట్టల్లోవి. మంచం అంచు మీద వరసగా కూర్చుని కాడలు ఊపుకుంటూ ఉంటాయి, నేలంతా తడి. "మమ్మల్ని ఎక్కడికి పంపించేస్తున్నారు?" అని అడుగుతాయి. నేను కట్టల మీది చీటీలు గుర్తు తెచ్చుకుని చెబుతాను, నువ్వు హోటలుకి, నువ్వు ఆసుపత్రికి, మీరిద్దరూ పెళ్ళికి అని. పెళ్ళికి పోయేవి సిగ్గుపడతాయి. ఏ కొలతకీ సరిపోని పొట్టి పసుప్పచ్చది ఒకటి ఉంటుంది, దానికి చీటీ ఉండదు. అది నా దగ్గరే ఉంటానంటుంది. సరే ఉండు అంటాను.

ఇవన్నీ లేవని నాకు తెలుసు. పిచ్చి పట్టలేదు. తెలిసి కూడా కాసేపు ఉండనిస్తున్నాను, అంతే. ఆకలి కూడా వెయ్యడం లేదు, కడుపు నిండుగా తేలిగ్గా ఉంటోంది.

వదినా, నేను సంతోషంగా ఉన్నాననుకుంటున్నాను. ఈ మాట రాసి చాలాసేపు చూశాను. కొట్టెయ్యబుద్ధి కాలేదు.

మిషను తొంభై ఆరూ నాలుగు అంది.


దుకాణం నుంచి,
మీ అన్నయ్య పక్కనే ఉండగా

బంగారు మరదలికి,

ఇకనుంచి నిన్ను ముక్తసరి అంటే నా నోరు పడిపోవాలి.

నీ ఉత్తరం నేను పైకి చదివాను. మీ అన్నయ్య స్పానరు చేత్తో పట్టుకుని వింటూ ఉండిపోయారు. పూలు మంచం మీద కూర్చున్నాయన్నప్పుడు నవ్వారు. సంతోషంగా ఉన్నాననే మాట దగ్గర లేచి వంటింట్లోకి వెళ్ళి, అక్కర్లేకపోయినా కుళాయి తిప్పారు. తిరిగొచ్చి "మళ్ళీ చదువు" అన్నారు. నాలుగేళ్ళుగా ఆయన లోపల కుళ్ళిపోతున్నారని నాకు తెలుసు. ఆ సంబంధం తెచ్చింది ఆయనే కదా. నిన్న రాత్రి భోజనం దగ్గర ఊరికే ఈల వేశారు. పెళ్ళయిన పదకొండేళ్ళలో నేను వినని ఈల అది.

ఇంకా రాయి. రోజూ సాయంత్రం రాయి. ఆ పొట్టి పసుప్పచ్చదాన్ని నా తరఫున ముద్దు పెట్టుకో. నేను నీ ఉత్తరాలు మందుల పెట్టెలో దాచుకుని, గిరాకీ లేనప్పుడు తీసి చదువుకుంటున్నాను. మొన్నొకావిడ దూది అడిగితే నీ మెట్లు గుర్తొచ్చి నవ్వాను, ఆవిడ నన్ను వింతగా చూసింది.

ఒక్క ప్రశ్న. ఎవరైనా ఉన్నారా? ఉంటే దాచకు. వదినకి చెప్పని ప్రేమ నిలబడదు.

వదిన


మేడ మీది గది,
సాయంత్రం, అదే కిటికీ

వదినా,

ఎవరూ లేరు. ఎన్నిసార్లు చెప్పమంటావు! ఊరికే సంతోషం. మనిషి లేకుండా కూడా వస్తుందని నాకూ ఇప్పుడే తెలిసింది.

ఈ వారం వీధి కదలడం మొదలుపెట్టింది. ఎండ తగ్గగానే మా మేడ తాడు విప్పిన పడవలా మెల్లిగా జరుగుతుంది. ఎదుటి మేడవాళ్ళు బాల్కనీలో బట్టలు తీస్తూ వెనక్కి వెళ్ళిపోతుంటారు, ఎవరూ కంగారు పడరు. కింద కుట్టుపనివాడి మిషను ఆగకుండా టకటకమంటుంది. వెలుగు అంచుకి చీకటిని కుట్టి అతికిస్తున్నాడు. నా చేతులు చూసుకుంటే చాలా పొడుగ్గా ఉన్నాయి. చాపితే నీ కౌంటరు దాకా వస్తాయి. నువ్వు నీ చెయ్యి ఇంత దూరం చాచలేనన్నావు కదా, నేనే చాచాను. నిన్న సాయంత్రం నీ మందుల పెట్టె తెరిచి నా ఉత్తరాలు సర్ది పెట్టాను. చూసుకో, సర్ది ఉంటాయి.

తెల్లవారేసరికి తలగడ తడిసి ఉంటుంది, జాకెట్టు కూడా. పూలు కూర్చున్న చోట నీళ్ళు ఉండవూ మరి! పిండి ఆరేసుకుని పనికి వెళుతున్నాను.

రబ్బరుబ్యాండక్కతో రోజూ పోట్లాట. కట్ట అందిస్తుంటే నా మణికట్టు పట్టుకుని "ఇదేంటే, పెనంలా కాలిపోతున్నావు!" అంటుంది. "నీ చేతులు మంచుగడ్డలు, నీకు అందరూ కాలినట్టే ఉంటారు" అన్నాను. మిషను తీసి నుదుటికి పెట్టి చూపించాను. తొంభై ఆరూ ఎనిమిది. "నీ మిషనుకేం తెలుసు, నా చేతికి తెలుసు" అని మూతి ముడుచుకుంది. మా వదిన పంపింది, వదిన అరడాక్టరు అని చెప్పాను. దాంతో నోరు మూసుకుంది.

ఆవిడకి ఎలా చెప్పను, ఇది జ్వరం కాదు, లోపల దీపం వెలిగిందని. బట్టలు వదులయ్యాయి, నడుస్తుంటే గాలికి లేచిపోతానేమో అనిపిస్తుంది. గట్టిగా ఊపిరి పీలిస్తే కుడిపక్కన సూదితో పొడిచినట్టుంటుంది. అది పొట్టి పసుప్పచ్చదాని ముల్లు. ఒళ్ళో పడుకుంటుంది కదా.

నువ్వు రోజూ రాయమన్నావు. రోజూ రాస్తాను.


ఇంటి నుంచి,
తెల్లవారుజామున

అమ్మాయ్,

ఈ ఉత్తరం మీ అన్నయ్యే తెచ్చి నీ చేతికిస్తారు. ఆయన చొక్కా జేబులో గాజు థర్మామీటరు ఉంది. ఇది చదివే ముందే దాన్ని నాలుక కింద పెట్టుకో. పెట్టుకుని చదువు. మాట్లాడకు.

నిన్న నీ ఉత్తరం ఎప్పటిలాగే పైకి చదివాను. వీధి కదిలిన చోట ఇద్దరం మురిసిపోయాం. తలగడ తడిసిందన్న చోట మీ అన్నయ్య "ఆగు" అన్నారు. "మళ్ళీ చదువు" అన్నారు. కానీ ఇంతకుముందు అన్నట్టు అనలేదు. "పొద్దున తలగడ తడవడమేంటి? సాయంత్రం చేతులు పొడుగవడమేంటి? అమ్మ ఉంటే దీన్ని లోజ్వరం అనేది. పైకి తెలీకుండా లోపల కాస్తుంది, సాయంత్రానికి సాయంత్రం వస్తుంది" అన్నారు. నీ ఉత్తరాలన్నీ పరిచి చూశాం. పొద్దునపూట రాసింది ఆ మొదటిది ఒక్కటే. అందులో మెట్లూ లేవు, పడవా లేదు. అన్నీ ఉన్నచోట ఉన్నాయి.

వెంటనే నీకు ఫోన్ చేశాను. "తొంభై ఆరుంది వదినా, నువ్వు పంపిన మిషనే" అని నవ్వి పెట్టేశావు.

ఇప్పుడు నేను చెప్పేది విని తిట్టాలంటే తిట్టు. నీకు పంపిన మిషను కొత్తది కాదు. ఒక పాత హెడ్మాస్టరుగారు కొనుక్కెళ్ళి, తక్కువ చూపిస్తోందని తెచ్చి కౌంటరు మీద పడేశారు. ఆయన తలస్నానం చేసి ఆ తడి నుదుటికే పెట్టుకున్నారట. చాదస్తం అనుకున్నాం. విప్పిన పెట్టెని అమ్మలేక యజమాని నన్ను తీసుకోమన్నాడు. నేను కొత్త రిబ్బను చుట్టాను. లోపల వాడే విధానం కాగితం ఉంది, హెడ్మాస్టరుగారు దాన్ని పదహారు మడతలు పెట్టి, కింద గీతలు గీసి, నలిపి ఉంచారు. అది చూస్తే పాతదని నీకు తెలిసిపోతుందని తీసి చించి చెత్తబుట్టలో వేశాను. చదవాల్సిన కాగితాలేమీ లేవని రాసింది అందుకే.

రాత్రే యజమానిని లేపి దుకాణం తాళాలు తెచ్చుకుని, ఇంకో పెట్టె విప్పి ఆ కాగితం చదివాను. తొమ్మిదేళ్ళ అరడాక్టరు మొదటిసారి చదివింది. ఇది ఒంటి లోపలి వేడిని చూడదట. నుదుటి చర్మం నుంచి వచ్చే వేడిని మాత్రం పట్టుకుని, దాన్నిబట్టి లోపల ఎంత ఉంటుందో లెక్కగడుతుందట. అందుకని మనిషీ మిషనూ కనీసం అరగంట ఒకే గదిలో, మామూలు వేడిలో ఉన్నాకే చూడాలట. చలిలోంచి రాగానే చూడకూడదు. చెమట ఉంటే తుడవాలి. టోపీ తీసిన వెంటనే చూడకూడదు. మిషనుని చల్లటి చోట ఉంచకూడదు. వద్దన్నవాటిలో నువ్వు చెయ్యనిది ఒక్కటి కూడా లేదు. చెయ్యొద్దని చెప్పే కాగితం చింపి పారేసింది నేను.

నా చెయ్యి అనుకో అన్నాను. నా చెయ్యి నీకు అబద్ధం చెప్పింది. ఆ రబ్బరుబ్యాండక్క కాళ్ళు నేను కడగాలి.

ఇప్పుడు థర్మామీటరు తీసి అన్నయ్యకి చూపించు. ఎంతున్నా సరే, ఆయనతో డాక్టరు దగ్గరికి వెళ్ళు.

వదిన


ఆసుపత్రి, కిటికీ లేని వరండా మంచం

వదినా,

నూటొకటీ ఆరు. అన్నయ్య వెలుగులో మూడుసార్లు తిప్పి చూశాడు. తరవాత నా పక్కన మెట్టు మీద కూర్చుని, చిన్నప్పటిలా నా తల తన భుజానికి ఆనించుకున్నాడు. భుజం చల్లగా ఉంది. అప్పుడు తెలిసింది నేనెంత కాలిపోతున్నానో.

ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరలో నీళ్ళు చేరాయి. వీపులో సూది గుచ్చి సీసాడు తీశారు, టీ రంగులో ఉన్నాయి. టీబీ అన్నారు. ఆరు నెలలు మాత్రలు వాడితే పోతుందట. "ఇంకో నెల ఊరుకుని ఉంటే ఈ మాట ఇంత ధీమాగా చెప్పేదాన్ని కాదు" అంది డాక్టరమ్మ. గోదాంలో అందరినీ పరీక్ష చేస్తున్నారు, ఇప్పటిదాకా ఎవరికీ లేదు. రబ్బరుబ్యాండక్క వచ్చి నన్ను బాగా తిట్టి, ఏడ్చి, మంచం పక్కన మూడు గంటలు కూర్చుని వెళ్ళింది.

కాగితం పారేసినందుకు నీ మీద కోపం లేదు. కాగితమేదని నేను కూడా అడిగి ఉండాల్సింది. కోపం వేరే దానికి ఉంది. రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను.

నాలుగేళ్ళ తరవాత నాకు ఒక మంచి రోజు వచ్చిందనుకున్నాను. ఒకటి కాదు, నలభై సాయంత్రాలు. నా అంతట నేను బతకగలననీ, నా గదిలో నాకు బాగుందనీ అనుకున్నాను. మూడు రోజులు మాత్రలు వేసుకోగానే జ్వరం తగ్గింది. జ్వరంతోపాటు అన్నీ పోయాయి. పూలు రాలేదు. ఈ వరండా కదలలేదు. ఆ సంతోషం కూడా నాది కాదని తేలింది. అది నూటొకటీ ఆరు.

నువ్వు నన్ను బతికించావు, తెలుసు. కానీ కొన్నాళ్ళు నాకు రాయాలని లేదు. రాయడానికి ఏమీ లేదు.


దుకాణం నుంచి,
నువ్వు రాయక ఏడు వారాలు

మరదలా,

నువ్వు రాయనక్కర్లేదు. నేను రాస్తాను, వసపిట్టని కదా.

అన్నయ్య తెచ్చిన నీ మిషనుని యజమానీ నేనూ వారం రోజులు పరీక్షించాం. దుకాణానికి వచ్చిన వాళ్ళందరినీ అరగంట కూర్చోబెట్టి, నాలుక కింద గాజుది, నుదుటికి ఇది. పాపం, అది మంచిదే. కాస్త అటూఇటూగా రెండూ ఒకే మాట చెప్పాయి. తరవాత దాన్ని ఇంజెక్షన్లు పెట్టే ఫ్రిజ్‌లో ఉంచి, నా నుదుటి మీద చల్లటి గుడ్డ వేసుకుని చూశాను. నిక్షేపంలాంటి నాకు తొంభై అయిదు చూపించింది. ఆ లెక్కన నేను ఎప్పుడో పోయి ఉండాలి. ఇప్పుడు ఎవరు ఆ మిషను కొన్నా కాగితం మొత్తం నేనే పైకి చదివి వినిపిస్తున్నాను. "మాకు చదువొచ్చమ్మా" అని విసుక్కుంటారు. విసుక్కోనీ.

అన్నయ్య నీ ఆసుపత్రి ఉత్తరం చదవలేదు, నేను చదివి వినిపించలేదు. అది నా ఒక్కదానికి రాసిందనుకున్నాను.

నన్ను తినేసే సంగతి వేరే ఉంది. చలిగదీ, చించిన కాగితమూ పొరపాట్లు. కానీ నీ ఒళ్ళు కాలిపోతూ రాసిన ఉత్తరాలని నేను కథలు చదువుకున్నట్టు చదువుకున్నాను. ఆకలి లేదన్నావు, దాటేసి తరవాతి వాక్యానికి పరిగెత్తాను. ఇంకా రాయి, రోజూ రాయి అన్నాను. పెళ్ళయి వచ్చిన కొత్తలో నువ్వు నా వెనకే తిరిగే పిల్లవి. నీ మొహం చూసి నీకేం కావాలో చెప్పేదాన్ని. అలాంటిదాన్ని, నువ్వు బాగా రాస్తున్నావని మురిసిపోయి, ఎందుకు రాస్తున్నావో చూడలేదు.

సాయంత్రం కిటికీ దగ్గర దీపం వెయ్యకుండా కూర్చుని నీలాగా రాద్దామని చూశాను. ఎదుటి గోడ ఎదుటి గోడలాగే ఉంది. దోమలు కుట్టాయి. మీ అన్నయ్య వచ్చి "కరెంటు పోయిందా?" అన్నారు. అక్కడితో నా కవిత్వం అయిపోయింది.

సంతోషం నీది కాదన్నావు. నాకు జవాబు తెలీదు. తెలిసినట్టు రాస్తే మళ్ళీ అరడాక్టరు వేషం అవుతుంది. మాత్రలు మానకు. అంతే అడుగుతున్నాను.

వదిన


పూల గోదాం ఆఫీసు గది,
మాత్రలు మొదలెట్టిన అయిదో నెల, పొద్దున

వదినకు,

నీ ఉత్తరాలు నాలుగూ అందాయి. జవాబు రాయకపోవడానికి కారణం కోపం అని నేనూ అనుకున్నాను. అది పోయాక కూడా రాయలేదు, అప్పుడు తెలిసింది కారణం భయమని.

డాక్టరమ్మ చలిగదిలోకి వెళ్ళొద్దంది. ఇప్పుడు ఆఫీసులో కూర్చుని కట్టలకి చీటీలు రాస్తున్నాను, ఏ పూలు ఏ ఊరికో. మాత్రలకి మూత్రమంతా నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే బాత్రూంలోనే కేకలు పెట్టేదాన్ని. ఒంటికి కాస్త కండ పట్టింది.

మొదటి రెండు నెలలు సాయంత్రాలు చాలా పొడుగ్గా, ఏమీ లేకుండా ఉండేవి. తరవాత ఒకరోజు కుట్టుపనివాడి దగ్గర ఆగాను. ఎవరో పాంటు ఇచ్చి రెండు కాళ్ళూ ఒకే పొడుగు ఉండాలని పదేపదే చెప్పి వెళ్ళారట. ఆ మనిషికే ఒక కాలు పొట్టి అని ఎలా చెప్పాలో తెలీక అతను తల పట్టుకున్నాడు. అది చెబుతుంటే నవ్వొచ్చింది. చాలా నవ్వాను. నవ్వు ఆగగానే ఇది కూడా జ్వరమేమో అనిపించింది. పరిగెత్తుకుంటూ గదికి వచ్చి థర్మామీటరు నాలుక కింద పెట్టుకున్నాను. తొంభై ఎనిమిదీ రెండు.

అప్పటినుంచి అదొక పట్టింపు అయింది. గాలి చల్లగా తగిలి బాగుందనిపిస్తే థర్మామీటరు. పాట వింటూ కళ్ళు మూసుకుంటే థర్మామీటరు. ఎండ గోడ మీద పలచబడుతుంటే ఊరికే చూస్తూ కూర్చోబుద్ధేసినప్పుడైతే రెండుసార్లు థర్మామీటరు. ప్రతిసారీ తొంభై ఎనిమిదే. అయినా నమ్మకం కలగలేదు. బాగుందనిపించగానే ముందు భయం వేసేది. నోట్లో గాజుపుల్ల పెట్టుకుని మూడు నిమిషాలు కూర్చునేసరికి ఆ బాగు కాస్తా చల్లారిపోయేది. రబ్బరుబ్యాండక్క చూసి "సంతోషానికి కూడా సర్టిఫికెట్టు కావాలే నీకు" అంది.

నిన్న సాయంత్రం సరుకు తీసుకెళ్ళే లారీలు ఆలస్యమై ఆఖరి బస్సు తప్పిపోయింది. నేనూ అక్కా నడిచి బయల్దేరాం. దారంతా సన్నటి తుంపర. దీపాల చుట్టూ పొగలా ఉంది. అక్క చెప్పు తెగితే తన రబ్బరుబ్యాండ్లు నాలుగు తీసి కట్టుకుంది. పది అడుగులకి అది తెగి ఎగిరి ముందు పోతున్న ఒకాయన మెడకి తగిలింది. ఆయన వెనక్కి తిరిగి ఆకాశంలోకి చూశాడు. మేమిద్దరం గోడ పట్టుకుని కూలబడ్డాం. నవ్వుతో ఊపిరి అందలేదు, అయినా కుడిపక్క నొప్పి లేదు. మా వీధి మొదట్లోకి వచ్చాక అక్క తన దారిన వెళ్ళిపోయింది. తరవాత నేను మెల్లిగా నడిచాను, ఇల్లు తొందరగా వచ్చేస్తుందేమోనని. మీ పెళ్ళప్పటి సంగతులు, నువ్వు నాకు జడ వేస్తూ చెప్పిన అబద్ధాలు, అన్నయ్య ఈల, ఏవేవో గుర్తొస్తూనే ఉన్నాయి. గదికి వచ్చి తల తుడుచుకుని, ఉన్నదేదో తిని, పడుకున్నాను.

పొద్దున లేచి పళ్ళు తోముకుంటుంటే గుర్తొచ్చింది వదినా, రాత్రి జ్వరం చూసుకోలేదని.

నీ మరదలు